జూమ్ హెచ్1 ఎసెన్షియల్ రివ్యూ: స్టేజీ పాట వదిలి సినిమా తీసేవాళ్లు ముందు కొనాల్సింది కెమెరా కాదు

రాత్రిళ్లు క్లబ్బుల్లో, హోటల్ ఆర్కెస్ట్రాల్లో, పెండ్లి దావత్‌లలో పాడినవాళ్లు సొంతంగా సినిమా తీయాలని దిగినప్పుడు నిర్మాత ఉండడు, యూనిట్ ఉండదు. ఫోన్, ఇద్దరు ముగ్గురు సోపతిగాళ్లు, ఒక కథ, అంతే. వరంగల్, హనుమకొండ, కరీంనగర్ వైపు ఇట్లా మొదలుపెట్టేవాళ్లు చేతికందిన మొదటి డబ్బు కెమెరా మీద పెడతారు. ఆ వరస తప్పు. ఈ రోజుల ఫోన్లు బొమ్మను బాగానే పడతాయి, కానీ మూడు అడుగుల అవతలి మనిషి మాటను సరిగ్గా పట్టలేవు. పాటగాళ్లకు అప్పటికే చేతిలో ఉన్న పెట్టుబడి చెవి. శ్రుతి వెంట్రుకవాసి జారినా పట్టుకునే చెవి, మైకు ఎంత దూరంలో ఉంటే గొంతు ఎట్లా మారుతుందో తెలిసిన చెవి. దానికి పని చెప్పే పరికరమే ముందు కొనాలి. నేరెళ్ల వేణుమాధవ్ లాంటి ధ్వన్యనుకరణ చక్రవర్తిని కన్న ఊరికి శబ్దం విలువ వేరేగా చెప్పనక్కర్లేదు.

ఆ పరికరంగా మేం సిఫారసు చేసేది జూమ్ కంపెనీ సౌండ్ రికార్డర్ హెచ్1 ఎసెన్షియల్. 2024 జనవరిలో హెచ్4, హెచ్6 ఎసెన్షియల్‌లతో కలిపి వచ్చింది, ఆ మూడింటిలో ఇదే చిన్నది. అమెరికాలో విడుదల ధర సుమారు 100 డాలర్లు. మన దగ్గర దుకాణాన్ని బట్టి ధర మారుతుంది. అరచేతిలో పట్టే ప్లాస్టిక్ రికార్డర్. పైన రెండు మైకులు 90 డిగ్రీల కోణంలో ఒకదాన్నొకటి దాటుతూ ఉంటాయి, ఈ అమరికనే ఎక్స్‌వై అంటారు. రెండు ట్రిపుల్ ఏ సెల్లు, ఒక మైక్రో ఎస్‌డీ కార్డు, యూఎస్‌బీ సీ పోర్టు, వెనుక ట్రైపాడ్ బిగించే పావు అంగుళం మర, ముందు పెద్ద ఎర్ర బటన్. గెయిన్, అంటే మైకు శబ్దాన్ని ఎంత పెంచి తీసుకోవాలో తిప్పే చక్రం మాత్రం ఎక్కడా కనపడదు. మొదటిసారి చేతిలోకి తీసుకున్నవాళ్లు దాని కోసం వెతుకుతారు.

గెయిన్ లేకపోవడమే దీని గొప్ప. లోపల ప్రతి మైకుకు శబ్దాన్ని అంకెలుగా మార్చే కన్వర్టర్లు రెండుంటాయి, ఒకటి చిన్న శబ్దాలకు, ఇంకొకటి పెద్ద శబ్దాలకు. రెండింటి లెక్కనూ కలిపి 32 బిట్ ఫ్లోట్ ఫైలుగా, అంటే లెవెల్ తర్వాత సరిచేసుకోగల ఫైలుగా రాస్తుంది. ఆర్కెస్ట్రాలో పాడినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. పల్లవి మెల్లగా ఎత్తుకుని చరణంలో తారస్థాయికి పోతుంటే మిక్సర్ దగ్గర కూర్చున్నతను ఫేడర్ కిందికీ మీదికీ జరుపుతూనే ఉంటాడు. సొంత సినిమాలో అట్లాంటి మనిషి ఉండడు, నటిస్తున్నది కూడా మీరే అయితే అసలే ఉండడు. అవ్వ మంచంలో గుసగుసగా మాట్లాడుతున్న సీను నడుస్తుంటే బయట డప్పు మోగిందనుకోండి. మామూలు 16, 24 బిట్ రికార్డింగులో గుసగుసకు పెట్టిన గెయిన్‌కు డప్పు చిరిగిపోతుంది. డప్పుకు పెట్టిన గెయిన్‌లో అవ్వ మాట హిస్సులో మునిగిపోతుంది. ఇక్కడ రెండూ ఉంటాయి. ఎడిటింగ్‌లో డప్పు ముక్కను కిందికి దించితే అలలు నున్నగా తిరిగొస్తాయి, మాట ముక్కను పైకి లేపితే మాట వస్తుంది.

అయితే ఫ్లోట్ అనగానే ఏ శబ్దమైనా పట్టేస్తుందని దుకాణాల్లో చెబుతారు. అది నిజం కాదు. మైకు గుండీ, అంటే శబ్దం తగిలే లోపలి భాగం, భరించే హద్దు 120 డీబీ (డెసిబెల్, శబ్దం తీవ్రతకు కొలత). అంతకు మించిన ఒత్తిడి వస్తే చిరిగేది మైకు దగ్గరే, ఫైలు దగ్గర కాదు, దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ బాగుచేయలేదు. బారాత్‌లో డీజే బాక్సుల ముందు, డప్పు చర్మానికి జానెడు దూరంలో పెడితే ఇదే జరుగుతుంది. దీనికి మందు దూరం జరపడమే. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డీబీ తగ్గుతుంది, కాబట్టి మీటరు నుంచి నాలుగు మీటర్లకు జరిగితే 12 డీబీ దిగుతుంది. గాలి సంగతీ అంతే. లక్నవరం కట్ట మీదనో, భద్రకాళి చెరువు గట్టు మీదనో గాలి నేరుగా మైకును కొడితే వచ్చే బుడబుడ తీయలేనిది. నురుగు తొడుగు గదిలో ఊపిరి తగలకుండా మాత్రమే కాపాడుతుంది. బయటికి బొచ్చు తొడుగు కావాలి, రికార్డర్‌తో పాటే కొనండి. మెనూలో లో కట్ ఫిల్టర్ ఉంది. అది లారీల గుర్రుమనే మోతను తగ్గిస్తుంది, గాలి దెబ్బను ఆపదు.

స్టేజీ అలవాట్లు కొన్ని ఇక్కడ ఎదురు తిరుగుతాయి. స్టేజీ మీద డైనమిక్ మైకును పెదవులకు రెండు మూడు వేళ్ల దూరంలో పట్టుకుంటాం. ఆ దగ్గరితనం వల్ల గొంతుకు బేస్ కూడుతుంది, వినడానికి నిండుగా ఉంటుంది. దీన్ని అట్లా పట్టుకుంటే ప, బ అక్షరాలు పటపటమంటాయి, పెదవుల తడి చప్పుడు కూడా వస్తుంది. సంభాషణకు రెండు నుంచి మూడడుగులు, ఒంటరి గొంతుతో పాడే పాటకు ఒకటిన్నర నుంచి రెండడుగులు, నోటికి కాస్త పైనుంచి ఛాతీ వైపు చూసేట్టు పెట్టాలి. ఇంకొకటి, చేతిలో పట్టుకుని రికార్డ్ చేయొద్దు. ప్లాస్టిక్ ఒళ్లు కాబట్టి వేలు కదిలినా ఆ చప్పుడు ఫైలులోకి ఎక్కుతుంది. పావు అంగుళం మర ఉన్న ఏ సెల్ఫీ కర్రకైనా బిగించి ఫ్రేము పైనుంచి దించితే అదే బూమ్, సినిమావాళ్ల కర్ర మైకు. మధ్యలో చిన్న రబ్బరు షాక్ మౌంట్ పెడితే కర్ర పట్టుకున్న చేతి చప్పుడు కూడా తగ్గుతుంది.

గది ఎక్కువమంది పట్టించుకోని శత్రువు. మన ఇండ్లలో కింద టైల్సో బండలో, పైన స్లాబు, నాలుగు వైపులా సున్నం గోడలు. మాట గోడలకు తగిలి బొంగురుగా తిరిగొస్తుంది. ఎక్స్‌వై మైకులు ఎదుటి నుంచి వచ్చేదాన్ని ఎక్కువగా, వెనుక నుంచి వచ్చేదాన్ని తక్కువగా తీసుకుంటాయి కానీ గదంతా నిండిన ప్రతిధ్వనికి వెనకా ముందూ లేదు. దీనికి మన ఊళ్లోనే మంచి సరుకుంది, వరంగల్ దరీ. 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిన ఈ మందపాటి నూలు దరీలను రెండు మూడు తెచ్చి, నటుల వెనుక కెమెరాకు కనపడని గోడకు ఒకటి, రికార్డర్ వెనుక ఒకటి, కింద ఒకటి వేస్తే గది మాట వినే గది అవుతుంది. గోడకు ఆనించి వేలాడదీయకండి, బెత్తెడు ఖాళీ వదలండి. ఆ ఖాళీ వల్ల కొంచెం కింది స్వరాలు కూడా అణుగుతాయి. గొంగడి కూడా పనిచేస్తుంది.

షూటింగ్ మొదలుపెట్టే ముందు కూలర్, ఫ్రిజ్, ఫ్యాన్ ఆపాలి. ఎండాకాలంలో కష్టమే, అందుకే ఇండ్ల లోపలి సీన్లు పొద్దుగాల పెట్టుకోవాలి. ఫ్యాన్ రొద ఒకే తీరుగా ఉంటుంది కాబట్టి సాఫ్ట్‌వేర్‌తో కొంత తీయొచ్చు. కూలర్ నీళ్ల చప్పుడు తీయబోతే మాట కూడా రేకు డబ్బాలోంచి వచ్చినట్టవుతుంది. సీను అయ్యాక అందరినీ కదలకుండా నిలబెట్టి ఆ గది ఖాళీ శబ్దాన్ని ఒక నిమిషం రికార్డ్ చేయండి. డైలాగుల మధ్య అతుకులు కనపడకుండా చేసేది ఆ నిమిషమే. కాజీపేట చుట్టుపక్కల తీసేవాళ్లు రైలు కూత వస్తే టేక్ ఆపడమే మంచిది, కూత సగంలో షాట్ తెగితే ఎడిటింగ్‌లో దాచలేరు.

పాటలు, ఆటలు తీసేటప్పుడు ఎక్స్‌వై మైకుల బలం తెలుస్తుంది. ఒగ్గుకథలో కథకుడి ముందు రికార్డర్ పెట్టి, డోలు వాయించేవాళ్లు మైకుల వెనుక వైపుకో పక్కకో పడేటట్టు చోటు ఎంచుకుంటే మాట పైన, డోలు కింద కూర్చుంటాయి. మిక్సింగ్ పని సగం అక్కడే అయిపోతుంది. బతుకమ్మ వేరే లెక్క. వలయం బయట ఒకచోట పెడితే ఆడవాళ్లు తిరిగే కొద్దీ గొంతులు దగ్గరికొచ్చి దూరం పోతుంటాయి. తెర మీద ఆ కదలిక అందంగా ఉంటుంది, కానీ పాట మాటలు తెగిపోతాయి. మాటలు కావాలంటే పాట చెప్పే ఆమెకు చిన్న కాలర్ మైకు పెట్టి ఇంకో ఫోన్‌లో రికార్డ్ చేసి, ఉయ్యాలో అని అందుకునే గుంపును దీంతో స్టీరియోలో తీసి, రెండూ కలపాలి. ఈ రికార్డర్ ఒక్కదానితో రెండూ కుదరవు. పక్కనున్న 3.5 ఎంఎం రంధ్రంలో బయటి మైకు పెట్టగానే పైన ఉన్న మైకులు ఆగిపోతాయి. ఫోన్ కోసం చేసిన కాలర్ మైకులకు పిన్ మీద మూడు నల్ల గీతలుంటాయి, దీనికి రెండు గీతల పిన్ కావాలి. మార్చే చిన్న అడాప్టర్ దొరుకుతుంది. మైకుకు చిన్న కరెంటు ఇచ్చే ప్లగిన్ పవర్‌ను మెనూలో ఆన్ చేయకపోతే కాలర్ మైకు మూగగా ఉంటుంది. పట్టుచీర కొంగు కింద దాచితే గరగర వస్తుంది. నూలు జాకెట్ లోపల, రెండు వైపులా మెడికల్ టేపుతో బట్ట కదలకుండా అతికించి పెట్టండి.

మిక్సర్ నుంచి నేరుగా తీసుకునేటప్పుడు ఎక్కువమంది దెబ్బతింటారు. ఆర్కెస్ట్రా నేపథ్యంలో కథ రాసుకున్నవాళ్లు ప్రోగ్రాం జరుగుతుండగా మిక్సర్ అవుట్‌పుట్ పట్టుకోవాలనుకుంటారు. సౌండ్ అతను తన పెట్టెలోంచి ఒక కేబుల్ తీసి ఇస్తాడు, ఒక కొసకు ఎక్స్‌ఎల్‌ఆర్ (స్టేజీ మైకులకు వాడే మూడు పిన్నుల గుండ్రటి ప్లగ్గు), ఇంకో కొసకు 3.5 ఎంఎం స్టీరియో పిన్. హెడ్‌ఫోన్‌లో గొంతు రెండు చెవుల్లోనూ వినపడుతుంది, కొంచెం వెడల్పుగా, తల వెనుక నుంచి వస్తున్నట్టుగా. సినిమా యూట్యూబ్‌లో పెట్టాక ఒక్క స్పీకరున్న ఫోన్‌లో వింటే గొంతు మాయం. కారణం కేబులే. ఎక్స్‌ఎల్‌ఆర్ బ్యాలెన్స్‌డ్ లైనులో ఒకే శబ్దం నేరుగా ఒక తీగలో, తలకిందులుగా ఇంకో తీగలో వస్తుంది. ఆ రెండో తీగను స్టీరియో పిన్ కుడి ఛానెల్‌కు ఇచ్చేస్తుంది. ఎడమ కుడి కలిసిన చోట ప్లస్, మైనస్ కొట్టుకుని సున్నా అవుతుంది. అప్పటికే రికార్డ్ అయిపోతే ఎడిటింగ్‌లో కుడి ఛానెల్ తీసేసి ఎడమదాన్నే రెండు వైపులా వేస్తే గొంతు తిరిగొస్తుంది. ముందే జాగ్రత్త పడాలంటే మిక్సర్‌లో రికార్డింగ్ కోసం ఇచ్చే రెక్ అవుట్ దగ్గరున్న రెండు ఆర్‌సీఏ రంధ్రాల నుంచి తీసుకోండి, తెలుపు, ఎరుపు పిన్నులున్న మామూలు కేబుల్ చాలు.

మిక్సర్ పెద్ద లెవెల్‌తో పంపితే ఈ రికార్డర్ చిన్న పిన్ దగ్గరే శబ్దం చిరుగుతుంది, ఫ్లోట్ అక్కడ కూడా కాపాడదు. మిక్సర్ నుంచి పంపే లెవెల్‌ను బాగా దించి, పాటలో అన్నిటికంటే ఎత్తైన చోట ఒకసారి పాడించి, హెడ్‌ఫోన్‌లో కాకుండా ఫైలు ఆపి మళ్లీ ప్లే చేసి వినండి. ఫంక్షన్ హాలు కరెంటుకు తగిలించిన చార్జర్‌తో రికార్డర్ నడిపితే 50 హెర్ట్జ్ గుంయ్‌మనే మోత రావచ్చు. సెల్లతో నడపండి. అప్పటికీ వస్తే మధ్యలో ఆ మోతను అడ్డుకునే గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ పెట్టాలి. మిక్సర్ ఫైలులో జనం చప్పట్లు, హాలు శబ్దం ఉండవు, పాట ఎండిపోయినట్టుంటుంది. హాలు శబ్దానికి ఇంకో రికార్డరో, కెమెరా ఫోన్ శబ్దమో కావాలి.

ఇందులో టైమ్‌కోడ్ (కెమెరా, రికార్డర్ ఫైళ్లను వాటంతటవే జత కలిపే సమయం గుర్తు) లేదు, బొమ్మతో శబ్దాన్ని చేత్తోనే కలపాలి. ఫోన్ కెమెరా యాప్ ఫ్రేముల వేగాన్ని తనకిష్టమొచ్చినట్టు మారుస్తుంది, అందుకే మొదట్లో కుదిరిన పెదవులు చివరికి జారిపోతాయి. బ్లాక్‌మ్యాజిక్ కెమెరా లాంటి ఉచిత యాప్‌లో 25 ఫ్రేములు, షట్టర్ 1/50 అని బిగించండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబ్‌లైట్లు, చవక ఎల్ఈడీలు మినుకుమినుకుమనడం కూడా దాంతో తగ్గుతుంది. ప్రతి టేక్ మొదట్లో సీను, టేక్ నంబర్ గట్టిగా చెప్పి ఒక్క చప్పట కొట్టండి, అది కెమెరాకు కనపడాలి, రికార్డర్‌కు దగ్గరగా ఉండాలి. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లే పోతుంది. చప్పట 14 మీటర్ల దూరంలో కొడితే ఒక ఫ్రేము ఆలస్యంగా వినపడుతుంది. రెండు పరికరాల గడియారాలు వేరు, చిన్న టేకుల్లో తేడా తెలియదు. గంటసేపు ఆపకుండా ప్రోగ్రాం తీస్తే మాత్రం చివరికి ఒకటి రెండు ఫ్రేములు జరగొచ్చు, పాటకూ పాటకూ మధ్య చప్పట కొట్టుకుంటే చాలు. ట్రాక్ పెట్టి పాట తీస్తున్నప్పుడు ఉత్త పెదవులు కదపకుండా నిండు గొంతుతో పాడించండి. పాడేవాళ్ల మెడ నరాలు, ఊపిరి తీసే భుజాలు కెమెరాకు కనపడతాయి, నటించేవాళ్లు వాటిని తేలేరు. పాటగాళ్లు తీసే సినిమాకు ఇతరులకు లేని బలం అక్కడే ఉంది.

ఫైలు 48 కిలోహెర్ట్జ్‌లో (సెకనుకు 48 వేల నమూనాలు) పెట్టుకోండి, సినిమాకు, వీడియోకు అదే వాడతారు. స్టీరియోలో నిమిషానికి 23 ఎంబీ, గంటకు 1.4 జీబీ దాకా పడుతుంది, 32 జీబీ కార్డులో 20 గంటలకు పైనే. 96 పెడితే రెట్టింపు స్థలం తింటుంది, మాటకు లాభమేమీ లేదు. ఫోన్‌లో ఎడిట్ చేసే కొన్ని యాప్‌లు ఈ ఫ్లోట్ ఫైళ్లను తీసుకోవు. కంప్యూటర్‌లో ఆడాసిటీ ఉచితంగా దొరుకుతుంది, అందులో ముందు లెవెల్ సరిచేసి, తర్వాత 24 బిట్ వేవ్‌గా ఎగుమతి చేసుకోవాలి. ఆ వరస మారితే ఫ్లోట్ లాభమంతా పోతుంది. తెర మీద అల నెత్తి తగిలి చదునుగా కనపడినా, హెడ్‌ఫోన్‌లో పగిలినట్టు వినిపించినా టేక్ చెరిపేయకండి, 10 డీబీ దించి చూసి అప్పుడు తేల్చుకోండి. డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్, రీపర్ ఈ ఫైళ్లను నేరుగా తీసుకుంటాయి. యూట్యూబ్ కోసమైతే మొత్తం మీద మైనస్ 14 లఫ్స్ (వినడానికి ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత), పీక్ మైనస్ 1 డీబీ దగ్గర ఆపండి.

ఆల్కలైన్ సెల్లతో పది గంటల దాకా నడుస్తుందని కంపెనీ లెక్క. రీచార్జ్ సెల్లు వాడితే మెనూలో సెల్ రకం మార్చాలి, లేకపోతే బ్యాటరీ గుర్తు తప్పుడు లెక్క చూపిస్తుంది. పవర్ బ్యాంక్‌తోనూ నడుస్తుంది గానీ, కరెంటు తక్కువ లాగుతోందని కొన్ని పవర్ బ్యాంకులు వాటంతటవే ఆగిపోతాయి, సెల్లు లోపల ఉంచే తగిలించండి. మధ్యలో ఆగిపోయినా పోయేది ఆ ఒక్క టేకే అయ్యేట్టు, ప్రతి టేక్‌కూ రికార్డింగ్ ఆపడం అలవాటు చేసుకోవాలి.

పాటగాళ్లు సినిమాకు మారినప్పుడు రికార్డర్‌తో సంబంధం లేని చిక్కు ఒకటుంది. ఏళ్లతరబడి స్టేజీల మీద సినిమా పాటలే పాడి ఉంటారు, అవే సొంత సినిమాలో పెడతారు. గొంతు మీదే అయినా ట్యూను, సాహిత్యం మీవి కావు. యూట్యూబ్ పట్టేస్తుంది, రాబడి అటు పోతుంది, ఫిలిం ఉత్సవాల వాళ్లు హక్కుల కాగితం అడుగుతారు. జానపదమే కదా అని ప్రైవేటు ఆల్బమ్‌లోని వరస ఎత్తుకున్నా ఇదే గతి. ఊళ్లో పెద్దవాళ్ల నోటినుంచి నేరుగా రికార్డ్ చేసుకుని, వాళ్ల సమ్మతి రాయించుకుని, సొంత వాద్యాలతో కట్టుకున్నదే భద్రం. ఈ చిన్న రికార్డర్ ఆ పనికి కూడా బాగా సరిపోతుంది. వేయిస్తంభాల గుడి, వరంగల్ కోట, రామప్ప పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. ట్రైపాడ్, కర్ర మైకుతో పోయేముందు అనుమతి తీసుకోవాలి.

అందరికీ ఇదే కొనమని చెప్పం. దీనికి ముందొచ్చిన పాత మోడల్ హెచ్1ఎన్ చేతిలో ఉండి, గెయిన్ చూసుకునే మనిషి కూడా ఉంటే మార్చాల్సిన తొందర లేదు. ఆర్కెస్ట్రా మిక్సర్ నుంచి తరచూ తీసుకునేవాళ్లు రెండు ఎక్స్‌ఎల్‌ఆర్ రంధ్రాలున్న హెచ్4 ఎసెన్షియల్‌కు పోవాలి. పైన చెప్పిన కేబుల్ చిక్కు దానికి ఉండదు, పై మైకులు, బయటి మైకులు కలిపి వేర్వేరు ట్రాకుల్లో తీస్తుంది. ఇద్దరు నడుస్తూ మాట్లాడే సీన్లే ఎక్కువున్న కథకు వైర్‌లెస్ మైకుల సెట్టు ముందు, ఇది తర్వాత. ఒక్క గదిలో, ఒక్క వాకిట్లో, ఒక్క కచ్చీరులో నడిచే కథకు మాత్రం దీన్ని మించిన మొదటి కొనుగోలు లేదు.

కొనేటప్పుడు దుకాణంలోనే సెల్లు వేసి, కార్డు పెట్టి, మెనూలో ఫార్మాట్ చేయించి, ఒక నిమిషం గుసగుసగా, ఒక నిమిషం గొంతెత్తి పాడి రికార్డ్ చేయండి. పెట్టెలో కార్డు రాదు, నమ్మకమైన కంపెనీది వేరే కొనాలి. హెడ్‌ఫోన్ పిన్‌ను వేలితో కొంచెం కదిపి చూడండి, ఒక చెవిలో శబ్దం తెగితే ఇంకో పీసు అడగండి. బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకోండి, వారంటీకి అదే కావాలి.